కంచె అవతలి కెమెరా

ఇంగ్లండులో ఒక పల్లె అనుకోండి. ఇంటి వెనక పచ్చిక బీడు, దాని పక్కన ఇసుక పరిచిన చిన్న స్వారీ మైదానం. వెడల్పు 20 మీటర్లు, పొడవు 40 మీటర్లు. గుర్రాన్ని ఇంటి దగ్గరే పెంచుకుంటూ సాధన చేసేవాళ్లు మామూలుగా వేయించుకునే కొలత అది. ఒకామె గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతోంది. నడక నుంచి పరుగుకు, పరుగు నుంచి మళ్లీ నడకకు. చుట్టూ రెండు వరసల కొయ్య కంచె, దాని అవతల నలుగురూ నడిచే కాలిబాట. బాట మీద పోతున్న మనిషి ఒకడు ఆగాడు, కంచె మీద మోచేయి ఆనించి ఫోను పైకెత్తాడు. ముందుగా గుర్రమే కనిపెడుతుంది. ఒక చెవి అటు తిరుగుతుంది, మెడ బిగుస్తుంది. ఆ తరవాత పైనున్న మనిషికి తెలుస్తుంది. ఆమె చేతిలో పగ్గం కాస్త బిగుస్తుంది, కాళ్లు రికాబుల్లో గట్టిగా ఆనుతాయి, తరవాతి చుట్టు గుండ్రంగా రాదు. ఆగి అడిగితే కంచె అవతల నుంచి వచ్చే జవాబు ఏమిటో చెప్పనక్కర్లేదు. "నేనున్నది దారి మీద. కనిపించేదే తీస్తున్నాను. తప్పేముంది?" ఇంటి దగ్గర గుర్రపుస్వారీ చేసుకునేవాళ్లు బ్రిటన్‌లోనూ ఇతర దేశాల్లోనూ తరచుగా వినే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. అది ఎందుకు సబబు కాదో ఈ కాసేపట్లో చెప్పాలని ప్రయత్నం.

ముందు మాటల సంగతి చూద్దాం. ఈ విషయానికి మన పత్రికలు 'గోప్యత' అని రాస్తున్నాయి. అది నాకు పూర్తిగా నచ్చని మాట. గోప్యత అనగానే దాచుకోవలసిన గుట్టేదో ఉన్నట్టు ధ్వనిస్తుంది. గుర్రమెక్కి గుండ్రంగా తిరగడంలో గుట్టేముంది? అందుకే కంచె అవతలివాడి ప్రశ్న గెలిచినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లలో వాడే మాట ఇంకొకటుంది, 'మరుగు'. కాస్త మరుగు కావాలి అంటాం. అందులో నేరం లేదు, రహస్యమూ లేదు. నలుగురి చూపు పడకుండా మన పని మనం చేసుకునే వీలు, అంతే. పాత తెలుగు ఇల్లు ఈ తేడాను గోడలతోనే చెప్పేది. అరుగు వీధిది; దారిన పోయేవాడు కూర్చోవచ్చు, పలకరించవచ్చు. పెరడు ఇంటిది. పక్కింటి మేడ మీద నుంచి పెరట్లో మనిషి కనిపించినా చూపు తిప్పుకోవడం మర్యాద. కనిపించడం వేరు, కనిపించిందని నిలబడి చూడటం వేరు, చూసినదాన్ని పట్టుకుపోవడం మరీ వేరు. ఈ మూడింటినీ కలిపి ఒకటే అనడంలోనే ఆ ఫోను మనిషి వాదంలోని లొసుగు ఉంది.

విచిత్రమేమిటంటే, ఈ తేడాను ఇంగ్లండు న్యాయస్థానం కనిపెట్టింది గుర్రాల వ్యవహారంలోనే. అదీ 1900లో. హిక్‌మన్, మైసీ అనే ఇద్దరి మధ్య కేసు అది. విల్ట్‌షైర్‌లో హిక్‌మన్‌కు భూమి ఉంది. పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒకాయన, యజమానితో ఒప్పందం చేసుకుని అక్కడ గుర్రాలను దౌడు తీయించేవాడు. ఆ భూమి మీదుగా అందరూ నడిచే దారి పోతుంది. మైసీ పందెపు గుర్రాల కబుర్లు అచ్చువేసే పత్రిక నడిపేవాడు. ఏ గుర్రం ఎలా పరుగెత్తుతోందో ముందే తెలిస్తే పందెం కాసేవాళ్లు కొంటారు కదా. ఆయన ఆ దారి మీద 15 గజాల మేర, ఇంచుమించు గంటన్నర సేపు, అటూ ఇటూ పచార్లు చేస్తూ దుర్భిణితో చూసి రాసుకున్నాడు. దారి దాటి ఒక్క అడుగు పొలంలో వేయలేదు. అయినా అప్పీలు కోర్టు అది అక్రమ ప్రవేశమే అంది. దారి ప్రజలకు ఇచ్చింది పోవడానికి, రావడానికి. కాసేపు ఆగి అలుపు తీర్చుకున్నా, నిలబడి ఒక బొమ్మ గీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. పొలంలో జరిగే పనిని వేటాడటానికి ఆ దారినే మాటుగా వాడుకుంటే మాత్రం అది దారి వాడకం కాదు. కోర్టు అడిగిన ప్రశ్న గమనించండి. గుర్రం కనిపిస్తోందా లేదా అని కాదు. చూసే మనిషి అక్కడ ఎంతసేపు, ఎందుకోసం, ఏం చేశాడు అని. నూటపాతికేళ్ల కింద, జేబులో కెమెరా లేని రోజుల్లో, అసలు విషయం పట్టుకున్న తీర్పు ఇది.

ఆ తరవాత దారి తప్పిన తీర్పు ఒకటి వచ్చింది, మళ్లీ గుర్రాల మీదే. ఇందులో రేడియోకు కూడా పాత్ర ఉంది కనుక ఈ మైకు ముందు దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో విక్టోరియా పార్కు అనే రేసుకోర్సు ఉండేది. టిక్కెట్టు కొన్నవాళ్లకే లోపలికి ప్రవేశం. ఎదురింటి ఆవరణలో ఒక మంచె కట్టారు. దాని మీదికి ఒక వ్యాఖ్యాత ఎక్కి, కంచె పైనుంచి పందేలు చూస్తూ, రేడియోలో వర్ణించేవాడు. రేసుకోర్సుకు వచ్చే జనం తగ్గారు. యాజమాన్యం కోర్టుకెక్కింది. 1937లో ఆస్ట్రేలియా హైకోర్టు అయిదుగురిలో ముగ్గురి మొగ్గుతో యాజమాన్యం కేసును కొట్టేసింది. చూడటం నేరం కాదు, చూసింది చెప్పడం నేరం కాదు, ఇష్టం లేకపోతే కంచె ఎత్తుగా కట్టుకోండి అన్నది దాని సారాంశం. ఆ కేసులో అడిగింది మరుగు కాదు, వ్యాపారం. కనుక యాజమాన్యం మీద మనకు పెద్దగా జాలి కలగకపోవచ్చు. కాని 'కంచె ఎత్తు పెంచుకో' అన్న ఆ ఒక్క సలహా తరవాత ఎనభై ఏళ్లకు పైగా మామూలు మనుషుల ఇళ్ల మీద బరువుగా కూర్చుంది. వ్యక్తి ఏకాంతానికి భంగం కలిగితే నేరుగా దావా వేసుకునే హక్కును ఆస్ట్రేలియా పార్లమెంటు చట్టంగా చేసింది 2024లో. అది అమలుకు వచ్చింది 2025 జూన్ 10న. మంచె కట్టినవాళ్ల కాలానికీ ఈ చట్టానికీ మధ్య డ్రోను వచ్చింది, స్మార్ట్‌ఫోను వచ్చింది, ఒక్క నొక్కుతో లోకమంతా చూపించే సోషల్ మీడియా వచ్చింది.

ఇక కెమెరా ఏం మారుస్తుందో చూద్దాం. దారిన పోయేవాడి చూపు అతనితోనే పోతుంది. రేపటికి సగం మరచిపోతాడు. వీడియో అలా కాదు. ఆపి చూడవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, పడిపోయిన క్షణాన్ని మళ్లీ మళ్లీ వేసి నవ్వుకోవచ్చు. ఊరూ పేరూ తెలియని లక్షమందికి పంపవచ్చు. ఈ తేడా బ్రిటన్‌కు చెంపదెబ్బలా తెలిసిన సందర్భం ఒకటుంది. బ్రెంట్‌వుడ్ అనే ఊళ్లో నడివీధిలో, తీవ్రమైన మనోవ్యథలో చేతిలో కత్తితో ఉన్న ఒక వ్యక్తి, ఊరి పాలకమండలి పెట్టిన సీసీ కెమెరాకు చిక్కాడు. ఆ దృశ్యం పోలీసులను పిలిపించి అతన్ని కాపాడింది. అంతవరకు కెమెరా మేలే చేసింది. తరవాత పాలకమండలి ఆ దృశ్యాలను పత్రికలకూ టీవీకీ ఇచ్చింది. ముఖం సరిగా కప్పలేదు. తెలిసినవాళ్లు గుర్తుపట్టారు. 2003లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరపు మానవ హక్కుల న్యాయస్థానం ఇది అతని హక్కుకు భంగమే అని తేల్చింది. అతనున్నది నడివీధిలోనే, ఎవరైనా చూడగలిగే చోటే. అయినా ఆ రాత్రి ఆ దారిన పోయే ఒకరిద్దరు చూడటానికీ, దేశమంతా చూడటానికీ మధ్య ఉన్న దూరాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. నడివీధిలో ఉన్న మనిషికే ఆ మాత్రం రక్షణ ఉంటే సొంత ఇంటి ఆవరణలో గుర్రమెక్కిన మనిషికి ఉండదా?

వీడియోకు ఇంకో గుణముంది. తీసినవాడు అనుకున్నదానికంటే ఎక్కువ చెబుతుంది. బీడు ఆకారం, వెనక కొండ, ఇంటి పెంకులు, గుర్రపుశాల తలుపుకున్న తాళం, కొక్కేనికి వేలాడే జీను. మంచి తోలు జీను ఖరీదైన వస్తువు, ఎత్తుకుపోవడానికి సులువైన వస్తువు కూడా. బ్రిటన్ పల్లెల్లో జీనుల దొంగతనం పాత బెడద. ఏ రోజు ఏ వేళకు ఆ ఇంటి మనిషి మైదానంలో ఉంటుందో, అంటే ఇంట్లో ఉండదో, రెండు మూడు క్లిప్పులు కలిపి చూస్తే తెలిసిపోతుంది. పైగా అక్కడ స్వారీ చేసేవారిలో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లలోనూ బడి పిల్లలు చాలామంది. ఒంటికి అతుక్కునే స్వారీ దుస్తుల్లో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లను ముక్కూమొహం తెలియని మగవాడు కంచె మీదుగా తీస్తుంటే, తల్లికి కలిగే కంగారును అతిగా భయపడటం అని కొట్టేయగలమా? తీసేవాడి మనసులో ఏ పాపమూ లేకపోవచ్చు. ఆ సంగతి తెలుసుకునే దారి మాత్రం తల్లికి లేదు. చట్టం వాడి మనసులోకి చూడలేదు, తల్లీ చూడలేదు.

గుర్రం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో తన మాట చెప్పుకోలేనిది అదొక్కటే. వేటగాళ్లకు ఆహారమయ్యే జంతువుగా పుట్టింది గుర్రం. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ 350 డిగ్రీల మేర చూస్తుంది. సరిగ్గా వెనక, నుదుటికి ముందు కొద్ది చోటు మాత్రమే దానికి కనపడవు. దారి వెంట తిన్నగా నడిచిపోయే మనిషి దానికి అలవాటే. చెట్టు పక్కన నక్కి కదలకుండా ఉండి, చటాక్కున చెయ్యెత్తే ఆకారం అలవాటు కాదు. భయపడితే దానికి తెలిసిన ఉపాయం ఒకటే, పారిపోవడం. అయిదు వందల కిలోల జంతువు ఒక్కసారిగా పక్కకు గెంతితే పైనున్న మనిషి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఈ సంగతి బ్రిటన్ రోడ్డు నిబంధనలకు బాగా తెలుసు. 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ ప్రకారం గుర్రాన్ని దాటే కారు గంటకు 10 మైళ్ల వేగం మించకూడదు, కనీసం 2 మీటర్ల ఎడం ఇవ్వాలి. కారుకు ఎడం నేర్పిన దేశం కెమెరాకు ఇంకా నేర్పలేదు.

డ్రోనుకు కొంత నేర్పింది, ఆ కొంతలోనూ చిల్లు ఉంది. అక్కడి విమానయాన సంస్థ నియమాల ప్రకారం డ్రోను 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. సంబంధం లేని మనుషులకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. కాని 250 గ్రాముల లోపు బరువున్న డ్రోన్లకు ఆ 50 మీటర్ల నిబంధన వర్తించదు. జేబులో పట్టే ఆ చిన్న యంత్రాలే ఇప్పుడు చక్కని వీడియో తీస్తాయి. తుమ్మెద ఝంకారంలా నెత్తి మీద మోగే ఆ చప్పుడు 250 గ్రాములదా, 300 గ్రాములదా అన్నది గుర్రానికి తెలియదు. ఆకాశం నుంచి తీయడం గురించిన పాత కేసు కూడా ఒకటుంది. గ్రెనడా టెలివిజన్ స్థాపకుడు లార్డ్ బెర్న్‌స్టీన్ ఇంటిని ఒక కంపెనీ విమానం మీద నుంచి ఫొటో తీసి, కొంటారా అని ఆయనకే అమ్మజూపింది. లోకాన్ని తెర మీద చూపించే వ్యాపారంలో ఉన్న మనిషికి తన ఇల్లు ఫొటోలో కనిపించేసరికి కోపం వచ్చింది. 1977లో న్యాయమూర్తి ఆయన దావాను కొట్టేశారు: ఎంతో ఎత్తున పోయే విమానం నుంచి తీసిన ఒక్క ఫొటో నేరం కాదు అని. అంటూనే ఒక మాట చేర్చారు. ఎవరి ఇంటినైనా పైనుంచి అదేపనిగా కాపు కాసి, వాళ్లు చేసే ప్రతి పనినీ ఫొటోలు తీస్తే అప్పుడు సంగతి వేరే అని. మళ్లీ అదే ప్రశ్న: ఎంతసేపు, ఎన్నిసార్లు, దేనికి?

'కంచె ఎత్తు పెంచుకో' అన్న సలహాకు గట్టి జవాబు వచ్చింది 2023 ఫిబ్రవరి 1న. లండనులో టేట్ మోడరన్ అనే చిత్రశాల 2016లో ఒక కొత్త భవనం తెరిచింది. దాని పై అంతస్తు చుట్టూ నగరాన్ని చూసే వసారా కట్టారు. ఏడాదికి అయిదు లక్షలకు పైగా జనం అక్కడికి ఎక్కేవారు. ఎదురుగా 34 మీటర్ల దూరంలో గాజు గోడల ఫ్లాట్లు. సందర్శకులు నగరాన్ని చూడటంతో ఆగలేదు. ఎదురింట్లో ఎవరు భోంచేస్తున్నారో చూసేవారు, ఫొటోలు తీసేవారు, వాటిని సోషల్ మీడియాలో పెట్టేవారు. ఫ్లాట్ల యజమానులు కింది కోర్టులో ఓడారు, అప్పీలులో ఓడారు. గాజు ఇల్లు కొనుక్కున్నది మీరే కదా, తెరలు దించుకోండి అన్నది కింది కోర్టు వైఖరి. సుప్రీంకోర్టు అయిదుగురిలో ముగ్గురి మొగ్గుతో దాన్ని తిరగరాసింది. ఎదురింటికి మన ఇల్లు కనిపించడం ఒక్కటే తప్పు కాదు. ఊరన్నాక అది తప్పదు. కాని రోజంతా, వారమంతా, ఒక గుంపు కళ్లకూ కెమెరాలకూ ఇంటిని ప్రదర్శనశాల చేయడం జూలో బోను ముందు నిలబడి చూడటం లాంటిదని, దాన్ని భరించే బరువు బాధపడేవాడి నెత్తిన పెట్టకూడదని మెజారిటీ తీర్పు తేల్చింది. 1900 నాటి హిక్‌మన్ కేసులోని వివేకం సుప్రీంకోర్టు మెట్లెక్కడానికి నూట ఇరవై మూడేళ్లు పట్టిందన్నమాట.

అయితే ఇంటి మైదానంలో గుర్రమెక్కిన ఆవిడకు ఈ తీర్పులన్నీ కలిసినా పూర్తి గొడుగు కావు. ఆ సంగతి దాచి మాట్లాడటం శ్రోతలను మోసం చేయడమే. టేట్ కేసు ఏళ్ల తరబడి సాగిన రద్దీ గురించినది; ఒక్కసారి వచ్చి ఒక్క వీడియో తీసి పోయినవాడికి అది తగలదు. ఇంగ్లండులో 1997 నాటి వేధింపుల నిరోధక చట్టం వర్తించాలంటే ఆ పని కనీసం రెండుసార్లు జరగాలి. చాటుగా చూసి తీయడాన్ని శిక్షించే చట్టం స్నానం, బట్టలు మార్చుకోవడం వంటి పనులకే పరిమితం. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సొంత వాడకానికి తీసుకునేవాడిని మినహాయిస్తుంది. ఆ మినహాయింపుకు మాత్రం హద్దుంది. స్వీడన్‌లో చర్చి పనులు చూసే ఒకామె తోటివాళ్ల వివరాలను ఇంటర్నెట్‌లో పెట్టిన కేసులో, లెక్కలేనంతమందికి అందేలా పెట్టాక అది సొంత వాడకం కాదని 2003లోనే యూరపు సమాఖ్య న్యాయస్థానం చెప్పింది. అంటే ఫోనులో ఉంచుకున్నంతసేపు చట్టం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది, లోకానికి వదిలితే అడుగుతుంది. గీత ఉండవలసిన చోటుకు ఇది దగ్గరగానే ఉంది. కాని లోకానికి వదిలాక అడిగి ఏం లాభం? పిట్ట ఎగిరిపోయాక గూడు తలుపు వేసినట్టు.

వీడియో తీయొద్దనే ఈ మాటకు ఎదురు వాదాల్లో బలమైనది జంతువుల తరఫు నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోలేం. కంచె వెనక గుర్రాన్ని హింసిస్తుంటే? కెమెరా లేకపోతే ఎవరికి తెలుస్తుంది? 2024 జులైలో, పారిస్ ఒలింపిక్స్ మొదలవడానికి కొన్ని రోజుల ముందు, బ్రిటన్‌కు ఆరు ఒలింపిక్ పతకాలు తెచ్చిన షార్లెట్ డుజార్డిన్ శిక్షణ ఇస్తూ ఒక గుర్రం కాళ్లను పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటపడింది. ఆమె తప్పు ఒప్పుకుని పోటీల నుంచి తప్పుకుంది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య ఏడాది నిషేధం, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఆ వీడియో లేకపోతే ఇదేమీ జరిగేది కాదు. కనుక ఏ కెమెరా అయినా తప్పే అనేవాళ్ల పక్షాన నేను లేను. కాని ఆ ఉదాహరణనే నిదానంగా చూడండి. అది దారిన పోతూ సరదాకు తీసింది కాదు. ఒక నిర్దిష్టమైన క్రూరత్వానికి సాక్ష్యం. అది విచారించే అధికారం ఉన్న సమాఖ్యకు ఫిర్యాదుగా చేరింది, ఆ సమాఖ్యే శిక్ష వేసింది. కంచె అవతల నిజంగా దెబ్బలు కనిపిస్తే తీయండి, 1824 నుంచి జంతు సంరక్షణ కోసం పనిచేస్తున్న సంస్థ ఆ దేశంలో ఉంది, వాళ్లకివ్వండి. అది పౌరధర్మం. గుర్రం మొండికేస్తే పగ్గం గట్టిగా లాగిన ఒక్క క్షణాన్ని పది సెకన్ల ముక్కగా కోసి, 'చూడండి ఈ రాక్షసి' అని పేరు పెట్టి వదలడం సాక్ష్యం కాదు, రచ్చకీడ్చడం. గుర్రం గురించి తెలియనివాడికి దిద్దుబాటుకూ దెబ్బకూ తేడా తెలియదు. విచారించేవాడికి తెలుస్తుంది, అందుకే వీడియో చేరవలసింది విచారించేవాడి దగ్గరికి.

రెండో అభ్యంతరం స్వేచ్ఛది. బహిరంగ ప్రదేశంలో ఫొటో తీసే హక్కును ఇప్పుడు కత్తిరిస్తే రేపు పోలీసు లాఠీ ఎత్తిన ఫొటో కూడా తీయనివ్వరు అంటారు. ఈ భయం నిజమైనదే, ముఖ్యంగా పత్రికల వాళ్లకు. కాని ఇక్కడ వీధిలో జరిగేది ఎవరూ తీయొద్దనడం లేదు. వీధిలో నిలబడి ఇంటిలోపలిది తీయడం గురించి మాట్లాడుతున్నాం. పోలీసు వీధిలో ప్రజల జీతం మీద పనిచేస్తున్నాడు. అతని పనికి ప్రజల చూపు కావాలి. సొంత బీడులో గుర్రాన్ని తిప్పుకునే మనిషి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రజలు నడవగల దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి, చాలావరకు సొంత భూముల మీదుగానే. ఒకరి పొలం గుండా నలుగురికీ నడిచే హక్కు ఇచ్చిన గొప్ప ఏర్పాటు అది. పొలం గలవాడు అంత ఇచ్చాడు కనుక, నడిచేవాడు కళ్లతో చూసి పోవడం దగ్గర ఆగితే ఆ ఏర్పాటు నిలుస్తుంది. ఆగకపోతే ఏమవుతుందో తెలుసు. ఎత్తైన చెక్క గోడలు లేస్తాయి. కొండా, పచ్చికా, గుర్రమూ ఏవీ ఎవరికీ కనపడవు. అప్పుడు ఎక్కువ నష్టపోయేది దారిన పోయేవాడే.

మూడోది, స్వారీ చేసేవాళ్లే తమ వీడియోలు తామే పెట్టుకుంటున్నారు కదా అన్నది. దీనికి ఎక్కువ సమయం ఇవ్వను. పేరంటానికి పిలిస్తే వస్తాం. నిన్న పిలిచారు కదా అని ఇవాళ పిలవకుండా పడకగదిలోకి పోం.

మనకూ ఈ విషయానికీ సంబంధమేమిటని అడిగే శ్రోతలుంటారు. మనలో ఎందరికి ఇంట్లో గుర్రముంది? గుర్రం లేకపోయినా పెరడుంది, డాబా ఉంది, బాల్కనీ ఉంది. చట్టం మాటకొస్తే మనవాళ్లు ఇంగ్లండు కంటే ముందే ఉన్నారు. 1882 నాటి భారత అనుభోగ హక్కుల చట్టం, అంటే ఈజ్‌మెంట్స్ చట్టం, 18వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ ఒకటి చూడండి. పక్కింటివారి మరుగుకు గట్టిగా భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఒక ఊళ్లో ఉంటే, ఆ ఆచారానికి చట్టం విలువ ఇస్తుంది. ఈ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల వాళ్లకు ఇది అప్పటి నుంచే ఉంది. 1888లో అలహాబాదు హైకోర్టు ఇదే ఆచారపు హక్కును ఒక కేసులో గట్టిగా నిలబెట్టింది. మన పెద్దలు కిటికీ ఎటు తెరవాలన్న దాని మీద కోర్టుకు పోయేంత పట్టింపు చూపించారు. మనం నాలుగంగుళాల కిటికీని చేతిలో పట్టుకుని ఎటు కావాలంటే అటు తెరుస్తున్నాం. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని, అది చోటును కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని అందులోని ప్రధాన తీర్పు వివరించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం, బ్రిటన్ చట్టం లాగే, సొంత అవసరానికీ ఇంటి అవసరానికీ వాడుకునేవాడిని వదిలేసింది. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేసుకునే ఆవిడను తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అది ఇంటి అవసరమా అన్నది మన కోర్టులు తేల్చవలసి ఉంది.

అంతవరకు ఏం చేయాలి? స్వారీ చేసేవాళ్లు ముందు మైదానానికీ దారికీ మధ్య గుబురు కంచె పెంచుకోవచ్చు; అది మొక్క, ఎవరి హక్కునూ కాదనదు. కంచెకు చిన్న బోర్డు పెట్టవచ్చు: గుర్రం బెదురుతుంది, దయచేసి వీడియో తీయకండి అని. కారణం చెప్పిన బోర్డుకు, ఉత్త హెచ్చరికకు లేని పలుకుబడి ఉంటుంది. ఎవరైనా తీస్తుంటే ముందు గుర్రాన్ని ఆపి కిందికి దిగడం, తరవాతే మాట్లాడటం మంచిది. వాదన గెలవడం కంటే మెడ విరగకపోవడం ముఖ్యం. అదే మనిషి మళ్లీ వస్తే తేదీ, వేళ రాసి పెట్టుకోవాలి. రెండోసారి అన్నది చట్టం దృష్టిలో ఎంత పెద్ద మాటో ఇందాక చెప్పుకున్నాం. ఇక దారిన పోయేవాళ్లకు, మనలో విదేశాలకు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లి ఆదివారం పూట ఆ పల్లెబాటల మీద నడిచే పిల్లలకు, ఒక్క మాట. గుర్రం అందంగా ఉంటుంది, ఫోను చేతిలోనే ఉంటుంది, ఆశ సహజం. ఆగండి, చూడండి, కావాలనిపిస్తే చెయ్యెత్తి పలకరించండి. ఒక ఫొటో తీసుకోవచ్చా అని అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకుని నడవండి. సరే అంటే గుర్రం పేరు కూడా అడగండి.